మా పిల్లలతోనే ఆడతాం



2024 ఏప్రిల్ 11న స్పెయిన్ ఉత్తర భాగంలోని బిల్బావో నగరంలో, ఊరి మధ్యగా సముద్రానికి పారే నెర్వియోన్ నది మీద ఒక సరుకుల పడవ మెల్లగా కదిలింది. దాని మీద సరుకు లేదు. ఎర్రచారల, తెల్లచారల చొక్కాలు వేసుకున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు, వాళ్ల చేతుల్లో ఒక వెండి కప్పు. రెండు గట్ల మీదా, వంతెనల మీదా, మేడల మీదా జనం. దాదాపు పది లక్షల మంది వచ్చి ఉంటారని అప్పటి వార్తలు చెప్పాయి. బిల్బావో జనాభా మూడున్నర లక్షలే. చుట్టుపక్కల ఊళ్లన్నీ తాళాలు వేసుకుని వచ్చాయనుకోవాలి. ఆ పడవను అక్కడివాళ్లు గబార్రా అంటారు. విజయోత్సవంలో అంతకు ముందు అది చివరిసారి కప్పు మోసింది 1984లో.

మధ్యలో నలభై ఏళ్లు గడిచాయి. ఆ నలభై ఏళ్లలో ఈ జట్టు స్పెయిన్ రాజు పేరిట జరిగే కప్పు పోటీలో ఆరుసార్లు ఫైనల్‌కు వెళ్లి ఆరుసార్లూ ఓడింది. అందులో రెండు ఓటములైతే 2021 ఏప్రిల్‌లో రెండు వారాల తేడాలో వచ్చాయి. కోవిడ్ వల్ల అంతకు ముందు ఏడు ఆగిపోయిన ఫైనల్, ఆ ఏటి ఫైనల్ ఒకదాని వెంట ఒకటి ఆడాల్సి వచ్చింది. ఇన్ని ఓటములు చూసిన ఊరు విసిగిపోయి ఆట మానుకోలేదు. గెలిచిన రోజున నది గట్టుకు కదిలి వచ్చింది. ఎందుకలా వచ్చిందో చెప్పాలంటే ఈ క్లబ్ పట్టిన పట్టు గురించి చెప్పాలి.

దాని పేరు అథ్లెటిక్ క్లబ్. మనవైపు అథ్లెటిక్ బిల్బావో అంటాం. స్పెయిన్ ఉత్తర కొసనా, సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో కొంతమేరా కలిపి ఏడు జిల్లాల నేల ఉంది. దాన్ని బాస్క్ దేశం అంటారు. అక్కడి భాష యూరప్‌లో మరే భాషకూ చుట్టం కాదు. అథ్లెటిక్ క్లబ్‌లో ఆడాలంటే ఆ ఏడు జిల్లాల్లో పుట్టి అయినా ఉండాలి, లేదా ఆ నేల మీద ఆట నేర్చుకుని పెరిగినవాడైనా అయి ఉండాలి. అంతే. బ్రెజిల్ నుంచి కానీ, అర్జెంటీనా నుంచి కానీ, అదే దేశంలోని మాడ్రిడ్ నుంచి కానీ ఆటగాణ్ని కొనుక్కురారు. ఈ పద్ధతి నూరేళ్లు దాటి నడుస్తోంది. క్లబ్ నియమావళిలో రాసుకున్న నిబంధన కూడా కాదిది. తరం నుంచి తరానికి వచ్చిన మాట.

బాస్క్ ప్రాంతపు జనాభా మొత్తం కలిపితే ముప్ఫై లక్షలు. అంటే హైదరాబాదులో సగం కూడా కాదు. ఆ కాస్త జనంలోంచి ఎంచుకున్న పిల్లలతో, ప్రపంచమంతా జల్లెడపట్టి ఆటగాళ్లను కొనే రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలను ఎదుర్కొంటూ ఈ క్లబ్ 8 సార్లు లీగ్ గెలిచింది, 24 సార్లు రాజు కప్పు గెలిచింది. 1929లో స్పెయిన్ లీగ్ మొదలైన నాటి నుంచి నేటి దాకా ఒక్కసారి కూడా కింది శ్రేణికి దిగజారని జట్లు మూడే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, మూడోది ఇదే.

ఇంత స్థానికమైన క్లబ్ పుట్టుకలో ఇంగ్లండ్ చెయ్యి ఉంది. బిల్బావో చుట్టూ కొండల్లో మేలైన ఇనుప ఖనిజం దొరికేది. పంతొమ్మిదో శతాబ్దం చివర అది ఓడలకెక్కి బ్రిటన్ వెళ్లేది, అక్కణ్నుంచి బొగ్గు వచ్చేది. ఓడలతోపాటు ఇంజనీర్లు, పనివాళ్లు వచ్చారు, బంతి కూడా తెచ్చుకున్నారు. ఇంకోవైపు ఇంగ్లండ్‌లో చదువుకుని తిరిగొచ్చిన బిల్బావో కుర్రాళ్లు అక్కడ నేర్చిన ఆటను ఇంటికి తెచ్చారు. క్లబ్ తన పుట్టిన సంవత్సరంగా 1898ని చెప్పుకుంటుంది. పేరులో ఇంగ్లీషు మాట ఉండటం అందుకే.

మొదట్లో ఇంగ్లీషువాళ్లు, ఊరివాళ్లు కలిసే ఆడేవారు. 1911లో రాజు కప్పు పోటీల్లో విదేశీ ఆటగాళ్ల మీద పెద్ద గొడవ జరిగింది. ఆ దరిమిలా అథ్లెటిక్ క్లబ్ ఊరివాళ్లతోనే ఆడటం మొదలుపెట్టింది. అప్పట్లో అదేమీ వింత కాదు. దాదాపు ప్రతి జట్టూ చుట్టుపక్కల వాళ్లతోనే ఆడేది. తక్కిన క్లబ్బులు ఒక్కొక్కటిగా ఆ దారి వదిలేశాయి. పొరుగునే ఉన్న సాన్ సెబాస్టియన్ నగరపు రియల్ సొసియెదాద్ కూడా చాలాకాలం ఇలాగే ఉండి, 1989లో జాన్ ఆల్డ్రిజ్ అనే విదేశీ ఆటగాణ్ని తెచ్చుకుంది. ఆ తర్వాత అగ్రశ్రేణిలో ఈ పట్టు మీద నిలిచింది అథ్లెటిక్ ఒక్కటే.

చొక్కాల కథ కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన దేశం దాకా వచ్చింది. మొదట క్లబ్ రంగులు నీలం, తెలుపు. 1909 చివర్లో హువాన్ ఎలోర్దుయ్ అనే సభ్యుడు ఇంగ్లండ్ వెళ్తూ కొత్త చొక్కాలు తెస్తానన్నాడు. కావలసిన నీలం, తెలుపు చొక్కాలు చాలినన్ని దొరకలేదు. తిరుగు ఓడ ఎక్కాల్సిన సౌతాంప్టన్ రేవులో అక్కడి జట్టు వేసుకునే ఎరుపు, తెలుపు చారల చొక్కాలు కనిపించాయి. బిల్బావో నగర పతాకం రంగులూ అవే. యాభై చొక్కాలు కొనుక్కొచ్చాడు. అందులో కొన్ని మాడ్రిడ్ వెళ్లాయి. మాడ్రిడ్‌లో చదువుకునే బాస్క్ విద్యార్థులు 1903లో ఈ క్లబ్‌కు ఒక శాఖ పెట్టుకున్నారు. ఆ శాఖే పెరిగి పెద్దదై, విడివడి, ఈనాటి అట్లెటికో మాడ్రిడ్ అయింది. ఆ అట్లెటికో భాగస్వామ్యంతోనే 2014లో మన ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్లెటికో డి కోల్‌కతా వచ్చి, మొదటి ఏడే విజేతగా నిలిచింది. ఆనాడు సాల్ట్ లేక్ మైదానంలో మెరిసిన ఎర్రచారలు సౌతాంప్టన్ రేవు నుంచి బిల్బావో, మాడ్రిడ్ మీదుగా వచ్చినవే.

1913 ఆగస్టు 21న క్లబ్ సొంత మైదానం తెరిచారు. పేరు సాన్ మామెస్. మామెస్ ఒక క్రైస్తవ సాధువు. సింహాల ముందు పడేస్తే అవి ఆయన్ను తాకలేదని ఐతిహ్యం. అందుకే అథ్లెటిక్ ఆటగాళ్లకు సింహాలన్న పేరు స్థిరపడింది. మైదానాన్నేమో కేథడ్రల్ అంటారు. దేశమంతా ఒప్పుకున్న బిరుదు అది.

ఆ మైదానంలో మొదటి గోల్ కొట్టినవాడు రఫాయెల్ మొరేనో. అందరూ పిచీచీ అనేవారు. బక్కపలచటి మనిషి, తలకు తెల్లటి గుడ్డ కట్టుకుని ఆడేవాడు. 1922లో టైఫస్ జ్వరంతో 29 ఏళ్లకే చనిపోయాడు. సాన్ మామెస్‌లో ఆయన శిరోవిగ్రహం పెట్టారు. ఏ జట్టయినా మొదటిసారి ఆ మైదానంలో ఆడటానికి వస్తే, ఆ జట్టు కెప్టెన్ పిచీచీ విగ్రహం దగ్గర పూలగుత్తి ఉంచుతాడు. స్పెయిన్ లీగ్‌లో ఏటా అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే బహుమతి పేరూ పిచీచీయే. మెస్సీ అందుకున్నది, రొనాల్డో అందుకున్నది ఈ బిల్బావో కుర్రాడి పేరున్న బహుమతినే.

ఆటగాళ్లు ఊరివాళ్లే కావాలన్నారు గానీ గురువు ఎక్కడివాడైనా ఫర్వాలేదన్నారు. ఆ విశాలత నాకు బాగా నచ్చుతుంది. 1922లో ఫ్రెడ్ పెంట్లండ్ అనే ఇంగ్లీషు కోచ్ వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో నిర్బంధ శిబిరంలో గడిపిన మనిషి. బంతిని గాల్లోకి బాదటం మాని, చిన్న చిన్న పాసులతో నేల మీద నడిపించడం నేర్పాడు. ఎప్పుడూ గుండ్రటి ఇంగ్లీషు టోపీ పెట్టుకునేవాడు. పెద్ద విజయం దక్కినప్పుడల్లా ఆటగాళ్లు ఆ టోపీ లాక్కుని కింద పడేసి తొక్కేసేవారు. మధ్యలో ఒకసారి వెళ్లిపోయి, 1929లో తిరిగొచ్చాక టోపీలకు కరువొచ్చి ఉంటుంది. 1930లో ఒక్క ఆటా ఓడకుండా లీగ్ గెలిచారు, 1931లో మళ్లీ గెలిచారు, 1930 నుంచి 1933 దాకా వరసగా నాలుగేళ్లు కప్పు కూడా వీళ్లదే. 1931లో బార్సిలోనాను 12-1తో ఓడించారు. ఆ ఆటలో బాతా అనే ఆటగాడు ఒక్కడే ఏడు గోల్స్ కొట్టాడు. బార్సిలోనా చరిత్రలో ఇప్పటికీ అంతకు మించిన ఓటమి లేదు.

1936లో అథ్లెటిక్ లీగ్ విజేత. అదే వేసవిలో అంతర్యుద్ధం మొదలైంది. బాస్క్ ప్రాంతానికి స్వపరిపాలన వచ్చి, మొదటి అధ్యక్షుడైన హోసె ఆంతోనియో అగిర్రె కుర్రతనంలో ఈ క్లబ్‌కే ఆడినవాడు. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణం మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయి. జూన్‌లో బిల్బావో తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సేనల వశమైంది. అప్పటికే బాస్క్ జట్టొకటి పరదేశాల్లో ఆడుతోంది. శరణార్థులకు నిధులు పోగుచేయడానికి, తమవారి గోడు లోకానికి చెప్పడానికి అగిర్రె ప్రభుత్వం దాన్ని పంపింది. అందులో అథ్లెటిక్ ఆటగాళ్లు చాలామందే ఉన్నారు. ఊరు పడిపోయాక వెనక్కి వచ్చే దారి లేక ఆ జట్టు అట్లాంటిక్ దాటి, మెక్సికో లీగ్‌లో ఆడి రెండో స్థానం తెచ్చుకుంది. చాలామంది అక్కడా, అర్జెంటీనాలోనూ స్థిరపడిపోయారు. మంచి వయసులో ఉన్న ఒక తరం ఆటగాళ్లను క్లబ్ అలా పోగొట్టుకుంది. పేరు కూడా పోయింది. పరాయి భాషల పేర్లు ఉండకూడదని ఫ్రాంకో ప్రభుత్వం ఆజ్ఞ ఇస్తే 1941లో అట్లెటికో డి బిల్బావోగా మారాల్సి వచ్చింది. సొంత పేరు తిరిగి రావడానికి 1972 దాకా పట్టింది.

యుద్ధం తర్వాత క్లబ్‌ను నిలబెట్టినవాళ్లు పల్లెల్లోంచి, రేవుల్లోంచి వచ్చిన కుర్రాళ్లు. ఇరియొందో, వెనాన్సియో, సార్రా, పానిసో, గైన్సా అన్న అయిదుగురి పేర్లు బిల్బావోలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ వరుసలోనే చెబుతారు. వాళ్లలో తెల్మో సార్రా 277 లీగ్ ఆటల్లో 251 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు దాదాపు ఆరు దశాబ్దాలు నిలిచింది. 2014 నవంబరులో మెస్సీ దాన్ని దాటాడు. 1958లో రాజు కప్పు ఫైనల్ వచ్చింది. అప్పట్లో దాని పేరు జనరలిస్సిమో కప్పు. డి స్టెఫానో ఉన్న రియల్ మాడ్రిడ్‌ను వాళ్ల మైదానంలోనే 2-0తో ఓడించారు. యూరప్ విజేతలను ఓడించిన ఆ జట్టుకు పదకొండు మంది పల్లెటూరివాళ్లు అన్న పేరు వచ్చింది. బిల్బావోలో అది గర్వంగా చెప్పుకునే పేరు.

గోల్‌కీపర్ హోసె ఆంహెల్ ఇరిబార్ గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. 18 ఏళ్లు ఆడాడు, 614 ఆటలు. నిలువెత్తు మనిషి, నల్లటి దుస్తులు. ఫ్రాంకో చనిపోయి ఏడాది దాటింది, బాస్క్ జెండా మీద నిషేధం మాత్రం తొలగలేదు. 1976 డిసెంబరు 5న రియల్ సొసియెదాద్‌తో ఆట. రెండు జట్లూ మైదానంలోకి వస్తుంటే ముందు నడిచిన ఇద్దరు కెప్టెన్లు, ఇరిబార్, కోర్తబార్రియా, ఆ జెండాను చెరో కొస పట్టుకుని మైదానం మధ్యకు తెచ్చారు. అరెస్టు చేస్తారో, ఆట నిషేధిస్తారో తెలియదు. నెల తిరిగేసరికి, 1977 జనవరిలో, జెండాకు అనుమతి వచ్చింది. ఆ రోజు ఆటలో అథ్లెటిక్ 5-0తో ఓడింది. ఆ స్కోరు గురించి ఎవరూ బాధపడగా వినలేదు.

గబార్రా మొదట నది మీదకు వచ్చింది 1983లో. హవియెర్ క్లెమెంతె అనే 33 ఏళ్ల కోచ్. గాయంతో తన ఆట అర్ధంతరంగా ఆగిపోయిన మనిషి. ఆఖరి రోజున లీగ్ గెలిపించాడు. మరుసటి ఏడు లీగ్, కప్పు రెండూ తెచ్చాడు. ఊళ్లో అది కష్టకాలం. ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడల కర్మాగారాలు మూతపడుతున్నాయి, 1983 ఆగస్టులో వరద నగరాన్ని ముంచేసింది. ఖనిజం మోసిన నదిలో ఆ సరుకుల పడవ మీద ఆటగాళ్లను ఊరేగించడం జనానికి ఎంత ఓదార్పో ఊహించుకోవచ్చు. అయితే ఆ జట్టు ఆటలో మొరటుతనం ఉండేది. 1983 సెప్టెంబరులో అథ్లెటిక్ ఆటగాడు గోయికోచెయా వెనక నుంచి చేసిన దాడికి బార్సిలోనా ఆటగాడు మారడోనా చీలమండ విరిగింది. 1984 కప్పు ఫైనల్ ముగిశాక అథ్లెటిక్, బార్సిలోనా ఆటగాళ్లు రాజుగారి ఎదుటే కొట్టుకున్నారు. ఈ క్లబ్‌ను ప్రేమించేవాళ్లు ఈ మచ్చను దాచనక్కర్లేదు.

అంతకంటే లోతైన ప్రశ్న ఇంకొకటుంది. మనవాళ్లతోనే ఆడతాం అన్నప్పుడు, మనవాళ్లు ఎవరు? రక్తం చూడాలా, పుట్టిన ఊరు చూడాలా, పెరిగిన వీధి చూడాలా?

మిగెల్ జోన్స్ ఆఫ్రికాలో, అప్పటి స్పానిష్ వలస ఫెర్నాండో పోలో పుట్టాడు. చిన్నతనంలోనే బిల్బావో వచ్చి అక్కడే పెరిగాడు, అక్కడి వీధుల్లోనే ఆట నేర్చాడు. 1950లలో అథ్లెటిక్ అతన్ని తీసుకోలేదు. పుట్టింది ఇక్కడ కాదన్నారు. రంగు కూడా అడ్డొచ్చిందన్న అనుమానం చాలామందిలో ఉండిపోయింది. అతను అట్లెటికో మాడ్రిడ్ వెళ్లి, అవే ఎర్రచారల చొక్కా వేసుకుని కప్పులు గెలిచాడు. నా దృష్టిలో అది క్లబ్ చేసిన తప్పు. ఈనాటి నియమం ప్రకారం చూస్తే మిగెల్ జోన్స్ ఎంచక్కా ఆడొచ్చు.

ఆ నియమం అలా మెల్లగా వెడల్పవుతూ వచ్చింది. మొదట్లో బిల్బావో ఉన్న బిస్కాయ జిల్లావాళ్లే. తర్వాత ఇరుగు పొరుగు జిల్లాలు. 1996లో లిజరాజు రాకతో ఫ్రాన్స్ వైపు బాస్క్‌లు. ఆ పైన, ఎక్కడ పుట్టినా ఇక్కడ ఆట నేర్చుకున్నవాళ్లు. 2011లో హోనాస్ రమాల్యో ఈ క్లబ్‌కు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆయన తండ్రి అంగోలా నుంచి వచ్చినవాడు.

తర్వాత విలియమ్స్ సోదరులు. వాళ్ల అమ్మానాన్నలు ఘనా నుంచి బయల్దేరి సహారా ఎడారిని కొంత దూరం కాలినడకన దాటారు. కాలే ఇసుకలో నడిచి తండ్రి అరికాళ్లు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. మెలియా సరిహద్దు కంచె దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టారు. అప్పటికే తల్లి కడుపుతో ఉంది. 1994లో బిల్బావోలో ఇన్యాకి పుట్టాడు. సాయం చేసిన ఒక ధర్మాత్ముడి పేరే బిడ్డకు పెట్టుకున్నారు. పొట్టకూటి కోసం తండ్రి ఏళ్ల తరబడి లండన్‌లో పనిచేస్తే తమ్ముడు నీకోకు అన్నే తండ్రిలా నిలబడ్డాడు. ఇన్యాకి 2016 నుంచి 2023 జనవరి దాకా ఒక్క ఆటా మానకుండా వరసగా 251 లీగ్ ఆటలు ఆడాడు. దేశం తరఫున ఆడటానికి ఆయన ఘనాను ఎంచుకున్నాడు, తమ్ముడు స్పెయిన్‌ను ఎంచుకున్నాడు. 2024 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ మీద మొదటి గోల్ నీకోదే. అంతకు మూడు నెలల ముందు, సెవియాలో మయోర్కాను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చిన జట్టులో ఇద్దరూ ఉన్నారు. బెరెంగెర్ ఆఖరి పెనాల్టీ కొట్టగానే ఏడ్చిన జనంలో ఎవరూ వాళ్లను బయటివాళ్లుగా చూడలేదు.

కొనుక్కునే స్వేచ్ఛ లేని క్లబ్ ఎలా బతుకుతుంది? బయటి విత్తనం వద్దనుకున్న రైతు గాదెలోని విత్తనాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అలా. 1971లో ఊరికి దగ్గర్లో లెసామా అనే చోట శిక్షణ కేంద్రం పెట్టారు. పదేళ్ల పిల్లల దగ్గర్నుంచి అక్కడ తయారవుతారు. పెద్ద క్లబ్బులు వచ్చి వాళ్లను ఎత్తుకుపోతే మాత్రం, ఒప్పందంలో రాసిన మొత్తం అణా పైసలతో కట్టించుకుంటారు. 2018లో లపోర్త్‌కు మాంచెస్టర్ సిటీ 6.5 కోట్ల యూరోలు, గోల్‌కీపర్ కెపాకు చెల్సీ 8 కోట్ల యూరోలు కట్టాయి. అప్పటికి ప్రపంచంలో ఏ గోల్‌కీపర్‌కూ అంత ధర పలకలేదు. లపోర్త్ ఫ్రాన్స్‌లో, బాస్క్ నేలకు వెలుపల పుట్టినవాడు, కుర్రతనంలో బయోన్ వచ్చి ఆడాడు. 2025లో మళ్లీ అథ్లెటిక్‌కే తిరిగొచ్చాడు. చేతిలో అంత డబ్బున్నా దానితో కొనగలిగిన ఆటగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ క్లబ్‌కు యజమాని కూడా లేడు. నలభై వేలకు పైగా సభ్యులు ఓటు వేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. 1990 చట్టం స్పెయిన్ క్లబ్బులను కంపెనీలుగా మార్చినప్పుడు, సభ్యుల చేతిలోనే ఉండిపోయిన నాలుగింటిలో ఇదొకటి.

ఈ పట్టుకు వెల కూడా చెల్లించారు. 2007లో ఆఖరి ఆట గెలిచి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, అగ్రశ్రేణిలో మిగిలారు. 2012లో బియెల్సా శిక్షణలో మాంచెస్టర్ యునైటెడ్‌ను రెండు చోట్లా ఓడించి యూరోపా లీగ్ ఫైనల్‌కు వెళ్లి, ఒకప్పటి తమ శాఖ అట్లెటికో చేతిలోనే 3-0తో ఓడారు. అప్పుడు కూడా పద్ధతి మార్చమని ఊరు అడగలేదు. 2019 జనవరి 30న మహిళల జట్టు కప్పు ఆట ఆడితే సాన్ మామెస్‌కు 48,121 మంది వచ్చారు. ఊళ్లో ఆడపిల్లలు ఆడుతున్నారంటే ఊరు చూడటానికి వస్తుంది.

2015 నుంచి ఈ క్లబ్ ఏటా ఒక పురస్కారం ఇస్తోంది. జీవితమంతా ఒకే క్లబ్‌కు కట్టుబడి ఆడిన మనిషికి, ఏ దేశం వాడైనా సరే. మొదటిది సౌతాంప్టన్ ఆటగాడు మాట్ లె టిసియెకు ఇచ్చారు. చొక్కాల బాకీ అలా తీర్చారనుకుంటాను. మాల్దీని, పుయోల్ కూడా ఆ వరసలో ఉన్నారు. 2025 వేసవిలో నీకో విలియమ్స్ బార్సిలోనా వెళ్లిపోతాడని పత్రికలన్నీ రాశాయి. అతను బిల్బావోలోనే ఉంటానని 2035 దాకా ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

శ్రోతల్లో స్పెయిన్ లీగ్ చూసేవాళ్లు ఉంటే, ఈసారి మాడ్రిడ్, బార్సిలోనా ఆటతోపాటు అథ్లెటిక్, రియల్ సొసియెదాద్ ఆట కూడా చూడండి. రెండు జట్ల అభిమానులు కలిసే మైదానానికి వస్తారు, పక్కపక్కనే కూర్చుంటారు. ఎర్రచారల పక్కన నీలిచారలు కనిపిస్తాయి.